పన్నెండో సీసా

గురువారం పొద్దున ఎనిమిదిన్నర కాగానే అబ్దుల్ గనీ వాన కొలిచే డబ్బా మూత తీసి, లోపలి పాత్రను గాజు కొలతలోకి వంచాడు. ఒక చీమ పడింది. చీమను మిల్లీమీటర్లలో రాసే ఏర్పాటు రిజిస్టరులో లేదు కనుక ఒక సున్నా, చుక్క, ఇంకో సున్నా పెట్టి పక్కన సంతకం చేశాడు. ఆదోనిలో వాన కొలిచే ఉద్యోగమంటే కొలత తక్కువ, కొలువు ఎక్కువ. పదకొండేళ్లుగా ఈ బడి ఆవరణలో, ఈ డబ్బాలో పడిందే ఆదోని వాన. పక్క వీధిలో మోకాటిలోతు పారినా ఇందులో పడకపోతే అది వాన కాదు. ఊరికంతా ఒక డబ్బా, డబ్బాకంతా ఒక గనీ.

"గనీ అన్నా! ఓ గనీ అన్నా!"

గేటు దగ్గర దేవదాసు నిలబడి ఉన్నాడు. కొండకు పడమటి వైపున్న ఇటుక బట్టీల కూలీల సంఘానికి అతను ప్రెసిడెంటు. అంటే మట్టి తొక్కడానికి మొదటి కాలూ, సంతకం పెట్టడానికి మొదటి చెయ్యీ అతనివే. వెనకాల భార్య కృపమ్మ ఉంది. ఇటుకలు మోసే గుడ్డచుట్ట తల మీద నుంచి తియ్యడం కూడా మరిచి వచ్చింది.

"బట్టీ గోడకు అతికించి పోయినారన్నా," దేవదాసు కాగితం చాపాడు. నాలుగు మూలలా మైదా అంటుకుని ఉంది. "సంతకం పెట్టను వస్తాది గానీ, ఇంత పొడుగు సదవను నాకు రాదు. నువ్వు సదువు."

గనీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. సర్కారు తెలుగును గొంతెత్తి చదవడమంటే అతనికి సరదా. తన సున్నాలు తప్ప సర్కారు కాగితం మీద చదువుకోవడానికి అతనికి దొరికేదే తక్కువ.

"'మీ సంఘము వారు దినమునకు నలుబది బస్తాల వేరుశెనగ పొట్టు మాత్రమే కాల్చుచున్నామని దాఖలు చేసిన లెక్క...' మీరు రాసిచ్చిన కాగితం సంగతి దేవదాసూ, '...యథార్థము కాదని, కొండపై సేకరించిన గాలి నమూనాల వలన రుజువగుచున్నది...'"

"నమూనాలంటే?"

"మచ్చు. సీసాల్లో పట్టిన గాలి."

"నువ్వు పట్టేదేనా అన్నా?" అంది కృపమ్మ.

"ఆఁ, నేను పట్టేదే," అన్నాడు గనీ కొంచెం గర్వంగా. గర్వపడిన చివరి నిమిషం అదేనని అతనికి అప్పుడు తెలియదు. "'బట్టీల వైపు నుండి పడమటి గాలి వీచిన ఈ దిగువ తేదీలలో బొగ్గుపులుసు వాయువు, మీరు చెప్పిన పొట్టుకు రావలసిన దానికి నాలుగింతలు కనబడినది. మే పదమూడు. మే ఇరవై. మే ఇరవై...'"

గనీ వేలు ఆ తేదీల మీద ఆగిపోయింది.

"ఏందన్నా?"

"'...మే ఇరవై ఏడు. జూన్ మూడు. కావున తప్పుడు లెక్క ఇచ్చినందులకు మీ అనుమతి ఏల రద్దుచేయరాదో శనివారము ఎమ్మిగనూరు బంగళాలో జరుగు విచారణకు హాజరై చెప్పుకొనవలెను. సీసాలు నింపిన అబ్దుల్ గనీయు హాజరు కావలెను.'"

దేవదాసు అరచేతులకు ఎండిన మట్టిని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"అంటే నేను అబద్దమాడినానని గాలి సెప్పిందా?"

గనీ కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు.

"నలభై బస్తాలే ఏస్తామన్నా. ఈమె ఎంచి ఇస్తాది, నేను ఏపిస్తా. యేసు సాక్షిగా నలభయ్యే. మొన్న ఆదివారం సర్చీలో పాస్టరు అడిగినా అదే సెప్పినా." ఉన్నట్టుండి అతని ముఖం తేలికపడింది. "ఆడికి నువ్వు కూడా వస్తావంట కదా! గాలి సంగతి తెలిసినోడివి. మా తరపున ఒక మాట సెప్తావులే."

కృపమ్మ గనీ వైపు చూసింది. ముఖం వైపు కాదు, మోకాలి వైపు. తల మీది గుడ్డచుట్టను తీసి చంకలో పెట్టుకుని భర్త వెనకే నడిచింది.

*

శుక్రవారం నమాజుకు తయారవుతూ గనీ పెరట్లో పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా పొట్టు పొయ్యి. రేకు డబ్బాలో వేరుశెనగ పొట్టును దిట్టంగా కూరి, నడుమ చిల్లు పెట్టి, జహీరా బీ రోజూ పొద్దున స్నానాల నీళ్లకు దాన్ని వెలిగిస్తుంది. అందులోంచి పొగ పోయిందని చెప్పడానికి ఉండదు. ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

పొయ్యికి ఆరడుగుల దూరంలో చెక్కపెట్టె. అందులో పన్నెండు గూళ్లు, గుండ్రటి గాజుసీసాలు, మెడకు గాజు ట్యాపులు. ఎనిమిది గూళ్లు ఖాళీ. ఆ సీసాలు నాలుగేసి చొప్పున రెండు పార్సిళ్లుగా రైలెక్కి పోయాయి. తొమ్మిది, పది, పదకొండు నిండి, మెళ్లో చీటీలు కట్టుకుని కూర్చున్నాయి. పన్నెండోది ఖాళీగా ఉంది. మామూలు ఖాళీ కాదు, లోపల గాలి కూడా లేకుండా తోడేసిన ఖాళీ.

ఏప్రిల్లో ఆ పెట్టె తెచ్చిన సైంటిస్టు దేశాయి బళ్లారి మనిషి. ఉద్యోగం ఎక్కడో దూరాన ఉన్నా గనీ చెయ్యి పట్టుకుని తెలుగూ కన్నడమూ కలిపి చెప్పాడు. "ప్రతి సోమవారం ఏడింటికి కోట కొండ ఎక్కబేకు, గనీ సాబ్. గాలికి ఎదురు నిలబడు. చెయ్యి పొడుగ్గా చాచు. ఊపిరి బిగబట్టు, మనిషి ఊపిరి తగిలితే సీసా హాళు, పాడైపోతుంది. ట్యాపు తిప్పి ఇరవై లెక్కపెట్టి మూసెయ్. గాలి ఏ దిక్కుదో చీటీ మీద రాయి. పొట్టు కాల్చేవాళ్లు కాగితం మీద ఏమైనా రాస్తారు. అది నిజమా కాదా అని పైన గాలిని అడగాలి. గాలి అబద్ధమాడదు."

ఆ రాత్రి జహీరా బీ అడిగింది. "అజీ, ఏం గాలి పడతారంట దాంట్లో?"

"బొగ్గుపులుసు వాయువు."

"పులుసా? మటన్ లేకుండానా?"

ఇద్దరూ పడిపడి నవ్వారు. అవి నవ్వే రోజులు.

నాలుగు సోమవారాలు గనీ కొండెక్కాడు. దేశాయి చెప్పినది చెప్పినట్టు చేశాడు. ఐదో సోమవారం ముందు రోజు మోకాలు వాచింది. పొద్దున లేచి పెరట్లో నిలబడి కొండను చూశాడు. కొండ అతన్ని చూసింది. ఇద్దరిలో ఒకరు కదలాలంటే కొండే నయమనిపించింది. అప్పుడు పదకొండేళ్ల వాన డబ్బా గుర్తుకొచ్చింది. బడి ఆవరణలో డబ్బా పెట్టి ఊరి వాన ఇంతని రాస్తున్నప్పుడు, ఇంటి పెరట్లో సీసా పట్టి ఊరి గాలి ఇంతని ఎందుకు రాయకూడదు? వాన ఒకటే అయినప్పుడు గాలి ఒకటి కాదా? గాలికేమైనా వాడలున్నాయా, వార్డు మెంబర్లున్నారా?

గాలికి ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి పొడుగ్గా చాచాడు. ఊపిరి బిగబట్టాడు. అందులో మాత్రం అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఏడు సోమవారాలూ, ఏడు సీసాలకూ, కళ్లు తేలేసేదాకా ఊపిరి బిగబట్టాడు. పక్కన పొట్టు పొయ్యి మాత్రం బిగబట్టలేదు. చీటీ మీద 'కోట కొండ' అని రాశాడు. దిక్కు దగ్గర 'పడమర' అని రాశాడు. మే నడుమ దాటితే ఆదోనిలో పడమటి గాలేనని పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. తెలిసినది రాయడానికి కొండెక్కడమెందుకు?

"పొయ్యి దూరంగా పెట్టమని ఆ పొద్దే నాకు సెప్పకూడదా?" అంది ఇప్పుడు జహీరా బీ. గుమ్మంలో బియ్యం చేట పట్టుకుని కూర్చుని ఉంది. నోటీసు సంగతంతా నిన్ననే విన్నది.

"పొయ్యి ఎక్కడుంటే ఏంది? నేను యాడ ఉండల్లనో ఆడ ల్యాను కదా."

"ఎవురికి తెలుసు?"

"నీకు తెలుసు."

"నేను సెప్తానా?" ఆమె చేటలో ఒక రాయి ఏరి పారేసింది. "సెప్తే మీ పని ఉంటాదా? ఈ సీసాలతో పోదు. వాన డబ్బా కూడా పెరికేస్తారు. పదకొండేండ్ల సున్నాలన్నీ యాడ కూర్సోని రాసినాడో అంటారు."

గనీకి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. సున్నాలకు కూడా పరువుంటుందని, అది పోతుందని. నమాజుకు చేతులు కడుక్కుంటుంటే పొయ్యిలోని పొగ వచ్చి కళ్లలో పడింది. చల్లార్చిన పొయ్యి అది. ఇంకా రాజుతూనే ఉంది.

*

శనివారం బస్సు మంత్రాలయం పోయే జనంతో కిక్కిరిసి ఉంది. గుండు గీయించుకోబోయే తలలూ, తులసిమాలలూ, అరటిగెలలూ. దేవదాసుకు సీటు దొరకలేదు, ముందు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. జేబులో సంఘం రిజిస్టరును మడిచి పెట్టుకున్నాడు, అది రెండు నిమిషాలకోసారి ఉందా లేదా అని తడుముకుంటున్నాడు. గనీకి వెనక సీటు దొరికింది. పక్కన కిటికీ వైపు కృపమ్మ కూర్చుంది.

కోసిగి రోడ్డు దాటి బస్సు ఎమ్మిగనూరు దారి పట్టింది. రోడ్డు పక్క చేలు దున్ని ఉన్నాయి, విత్తనం లేదు. మబ్బు ఉంది, వాన లేదు. గాలి మాత్రం పడమటినుంచి, దుమ్ముతో సహా, టికెట్టు లేకుండా ఎక్కింది.

"మోకాలు ఎట్లుందన్నా?" అంది కృపమ్మ కిటికీ వైపే చూస్తూ.

"పర్వాల్యా."

"ఆముదం కాంచి ఉప్పు ఏసి కట్టు. మా ఆయనకు అట్లే తగ్గె."

"ఊఁ."

బస్సు ఒక గుంతలో పడి లేచింది. అరటిగెల గనీ ఒళ్లోకి వచ్చి పోయింది.

"ఏడు సోమవారాలాయె," అంది ఆమె.

గనీ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"కొండ దారికి పోవల్లంటే మా బట్టీ ముందరే కదా పోవల్ల. మొదట నాలుగు వారాలు వస్తివి. మా కడవలో నీళ్లు తాగి, 'ఏం నీళ్లమ్మా, ఐసు' అని పోతాంటివి. ఐదో వారం రాల్యా. జొరమేమో అనుకుంటి. ఆరో వారం రాల్యా. సోమవారం సోమవారం కడవ పక్కన నీ చెంబు కడిగి పెడతానే ఉండా, పెట్టినట్టే ఉంటాది." గొంతు తగ్గించింది. "మొన్న నువ్వు తారీకులు సదివినప్పుడు ఏళ్లు మడిసి ఎంచుకుంటి. మే పదమూడు నువ్వు రాని మొదటి వారం."

ముందు కమ్మీ దగ్గర దేవదాసు మళ్లీ జేబు తడుముకున్నాడు.

"దేవదాసుకు తెలుసా?"

"సెప్పల్యా."

"ఎందుకు సెప్పల్యా?"

ఆమె అప్పుడు అతని వైపు తిరిగింది. కోపం ఉంటే బాగుండేది. కోపం మీద మనిషి కోప్పడవచ్చు.

"సెప్తే ఆయన బంగళాలో అరుస్తాడు. నీ పని పోతాది. మాదేముందన్నా, ఈ బట్టీ పోతే ఇంకో బట్టీ. మట్టి యాడైనా మట్టే. నీకు ఈ వయసులో ఇంకో వాన యాడ దొరుకుతాది?" మళ్లీ కిటికీ వైపు తిరిగింది. "ఆయన్ను అబద్దాలోడనకుండా సూడు, సాలు. దానికే రెండు దినాల నుంచి అన్నం తినల్యా."

గనీ జీవితంలో చాలాసార్లు తిట్లు తిన్నాడు. రిజిస్టరు చూసే ఆఫీసర్ల చేత, రేషను క్యూలో, సొంత బావమరుదుల చేత. తిట్లన్నీ ఒక పక్కనా, కడిగి పెట్టిన ఆ ఖాళీ చెంబు ఒక పక్కనా పెట్టి తూచితే ముల్లు ఎటు మొగ్గుతుందో అతనికి ఎమ్మిగనూరు వచ్చేదాకా తెలుస్తూనే ఉంది.

*

బంగళా వరండాలో విచారణాధికారి కూర్చున్నాడు. పొగల మీద చట్టం వచ్చాక పుట్టిన కొత్త ఆఫీసు ఆయనది. జనం దాన్ని పొగాఫీసు అనేవారు. ఎండకు టేబులు ఫ్యాను ఆయన వైపే తిరిగి ఉంది. గాలి కూడా హోదా చూసి వీస్తుంది. పక్కన దేశాయి, ముందు నల్ల అట్ట నోటుబుక్కు. గనీని చూసి దేశాయి ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి గనీకి చెంపదెబ్బలా తగిలింది.

"ప్రెసిడెంటు ఎవరు?"

"నేనే సారు, దేవదాసు."

"రోజుకు నలభై బస్తాలని రాసిచ్చావు. ఇది నీ సంతకమేనా?"

"నాదే సారు."

"ఇదిగో, పైన గాలి నూట అరవై బస్తాలంటోంది. నువ్వు అబద్ధమాడతావు, నేను ఆడతాను, గాలి ఎందుకాడుతుందయ్యా?"

దేవదాసు జేబులోంచి రిజిస్టరు తీశాడు. చెమటకు అట్ట మెత్తబడిపోయింది. తెరవబోయి ఆగిపోయాడు. ఆ పెద్ద టేబులు, ఆ తెల్లకాగితం మీది టైపు అంకెలు, ఆ కళ్లద్దాల సైంటిస్టు. గనీ చూస్తుండగానే అతని భుజాలు ఒక్కొక్క అంగుళమే కిందికి దిగాయి.

"అంత పెద్ద సదువులోల్లు సెప్తాంటే... ఏమో సారు." రిజిస్టరును మళ్లీ మడిచాడు. "నేను ల్యానప్పుడు మా వాళ్లు ఎక్కువ ఏసినారేమో. నాకు తెల్దేమో. తప్పయింటే..."

కృపమ్మ వరండా స్తంభం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది.

నలభై బస్తాలు తన చేతులతో వేసిన మనిషి, తన చేతుల్నే అనుమానించుకుంటున్నాడు. అబద్ధం చెప్పినవాడు నిటారుగా నిలబడి ఉన్నాడు, నిజం చెప్పినవాడు వంగిపోతున్నాడు. గనీ ఊపిరి బిగబట్టాడు. అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టాడు. ఇరవై దాకా పోలేకపోయాడు.

"ఆయనది తప్పు ల్యా సారు. ఆ గాలి కొండది కాదు."

అధికారి తల ఎత్తాడు. "ఏమిటీ?"

"మా ఇంటిది. మా పెరట్లోది. నాలుగు వారాలు కొండెక్కినా. ఐదో వారం నుంచి ఎక్కల్యా. మోకాలు నొచ్చింది. పెరట్లో నిలబడి పట్టినా. పక్కన మా ఇంట్లో పొట్టు పొయ్యి మండుతాంటుంది సారు, ఏడింటికి. చీటీ మీద కొండ అని రాసినా. పడమర అని కూడా ఊరికే రాసినా."

అధికారి నవ్వాడు.

"బాగుంది. ఎవరు చెప్పమన్నారు? ఈ ప్రెసిడెంటేనా? ముగ్గురూ ఒకే బస్సులో దిగారని మా జవాను చెప్పాడు."

"ఎవురూ సెప్పమనల్యా సారు. అల్లా మీద..."

"నాలుగు వారాల కిందటి చీటీ మీద నీ సంతకం ఒక మాట చెబుతోంది. ఇవాళ నీ నోరు ఇంకో మాట చెబుతోంది. నేను సంతకాన్ని నమ్మాలా, నోటిని నమ్మాలా?"

గనీ అబద్ధం చెప్పినప్పుడు ప్రపంచమంతా రాసుకుంది, ముద్ర వేసుకుంది, గోడకు అతికించింది. నిజం చెబితే సాక్షి కావాలంటోంది. స్తంభం దగ్గరున్న కృపమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె సాక్ష్యం ఎవరు నమ్ముతారు, ఆమె ముద్దాయి పెళ్లాం.

"ఒక్క నిమిషం," అన్నాడు దేశాయి.

అతను నోటుబుక్కు పేజీలు తిప్పుతున్నాడు. తిప్పడం ఆపి, ఒక పేజీ మీద వేలు పెట్టి, చాలాసేపు దాని వైపే చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడవడానికి పంచె అంచు కోసం తడుముకున్నాడు. అతను ప్యాంటు వేసుకున్నాడని గుర్తొచ్చాక జేబురుమాలు తీశాడు.

"సార్, కొండ మీద గాలి పలచన. ఖాళీ సీసా ట్యాపు అక్కడ తిప్పితే లోపలికి కొంచెం తక్కువ గాలి దూరుతుంది. కింద ఊళ్లో తిప్పితే కొంచెం ఎక్కువ. సీసా మా దగ్గరికి రాగానే మొదట కొలిచేది అదే, లోపల ఎంత ఉందని." వేలు పేజీ మీద జరిగింది. "మొదటి నాలుగు సీసాలు తక్కువ. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది ఎక్కువ. నాలుగూ సరిగ్గా ఒకే అంత ఎక్కువ."

"అంటే?"

"అంటే అవి కొండ ఎక్కలేదు. ఆ మాట సీసాలు నాకు ఎప్పుడో చెప్పాయి." దేశాయి గొంతు పలచబడింది, కొండ మీది గాలిలాగే. "ట్యాపు కారిందేమోనని పక్కన ప్రశ్నగుర్తు పెట్టి, ముందుకు పోయా. గాలి అబద్ధమాడదని ఈయనకు నేనే చెప్పా సార్. అది చెప్పింది వినకుండా పోయింది కూడా నేనే."

అధికారి నోటీసు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీశాడు. సంఘం బట్టీ నడుపుకోవచ్చన్నాడు. గనీ మీద పై వాళ్లకు రాస్తానన్నాడు, వాన డబ్బా సంగతి కూడా వాళ్లే చూస్తారన్నాడు. ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఆ పదం ఆ ఆఫీసు ఫారాల్లో లేదు.

బయట మెట్ల మీద దేశాయి గనీ పక్కకు వచ్చాడు. "పన్నెండోది మిగిలింది కదా?"

"మిగిలింది సారు. సోమవారం ఇంకెవరినైనా పంపండి."

"నువ్వే నింపు," అన్నాడు దేశాయి. "నేను మళ్లీ వినాలి."

తిరుగు బస్సులో ముగ్గురికీ సీట్లు దొరికాయి. దేవదాసు గనీకి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆదోని దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తెల్లచొక్కా వీపు మీద చెమట ఎండి ఉప్పుగీతలు కట్టడం గనీ దారంతా చూశాడు. అబద్ధాలోడన్నందుకు రెండు రోజులు అన్నం తినని మనిషి, అబద్ధమాడినవాడిని ఒక్క మాట అనలేదు.

*

సోమవారం ఆరింటికి మోకాలికి ఆముదం గుడ్డ కట్టి, సీసాను టవల్లో చుట్టి చంకలో పెట్టుకుని గనీ బయల్దేరాడు. జహీరా బీ పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు వెలిగించినా ఒకటే, వెలిగించకపోయినా ఒకటే. అయినా చన్నీళ్లే పోసుకుంది.

బట్టీ పొగ దూరం నుంచే కనిపించింది. పడమటి గాలికి వంగి కొండ వైపే పోతోంది. దారి మలుపు తిరగ్గానే గనీ ఆగిపోయాడు.

దారి పొడుగునా, ఎడమ వైపు, ఖాళీ గోనెసంచులు పరిచి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో ఇటుక. ఒకదాని పక్కన ఒకటి, వరుసగా. పొట్టు ఇంకా అక్కడక్కడ అంటుకుని ఉంది. నిన్నటి పొద్దు నుంచి ఈ పొద్దు దాకా బట్టీలో వేసిన సంచులన్నీ అవే.

బట్టీ నోటి దగ్గర దేవదాసు ఇనుప కడ్డీతో నిప్పు కదుపుతున్నాడు, తల ఎత్తలేదు. గనీ ఒక్కో సంచి దాటుతూ నడిచాడు. లెక్కపెట్టనక్కర లేదని తెలుసు. అయినా లెక్కపెట్టకుండా ఆ దారిన నడవడం సాధ్యం కాలేదు. నలభయ్యో సంచి కడవ దగ్గర అయిపోయింది. కడవ పక్కన చెంబు, కడిగి బోర్లించి ఉంది. తల వంచుకుని దాన్ని దాటిపోయాడు.

కొండ అతని మోకాలి మీద పగ తీర్చుకుంది. నాలుగుచోట్ల కూర్చున్నాడు. పైకి చేరేసరికి ఏడు కావడానికి ఐదు నిమిషాలున్నాయి. కింద ఆదోని అంతా బూడిదరంగు పెంకులు, మిల్లు గొట్టాలు, రైలు పట్టాలు. బట్టీ పొగ తెరలు తెరలుగా పైకి వస్తోంది. ఒక్కో తెర వచ్చినప్పుడు పొట్టు వాసన, పోయినప్పుడు ఉత్త గాలి. గనీకి ఒక్క క్షణం దుర్బుద్ధి పుట్టింది. ఉద్దేశం మంచిదే, పనే తప్పు. తెర పక్కకు తప్పుకున్నప్పుడు ట్యాపు తిప్పితే చాలు, దేవదాసు నలభై బస్తాలు పదైపోతాయి. వాళ్లకు అంత రుణపడి ఉన్నాడు కదా.

గడియారం చూశాడు. ఏడు.

తెర వచ్చిందో పోయిందో చూడలేదు. గాలికి ఎదురు నిలబడి, చెయ్యి పొడుగ్గా చాచి, ఊపిరి బిగబట్టి ట్యాపు తిప్పాడు. సన్నగా ఈల లాంటి చప్పుడు. సీసా గాలి తాగుతోంది. పెరట్లో కూడా ఈ చప్పుడే వచ్చేది, ఏడు వారాలు. ఇరవై లెక్కపెట్టి మూశాడు. చీటీ మీద 1-7-85, కోట కొండ, ఏడు గంటలు అని రాసి, దిక్కు రాసేముందు వేలు నోట్లో తడిపి పైకి పట్టాడు. వేలు ఏ పక్క చల్లబడుతుందో చూసి అప్పుడు రాశాడు: పడమర.

దిగేటప్పుడు కృపమ్మ కడవ దగ్గర నిలబడి ఉంది. నీళ్లు ముంచి చెంబు అందించింది.

గనీ సీసాను జాగ్రత్తగా నలభయ్యో సంచి మీద పెట్టాడు. చెంబు పట్టుకోలేదు. నడుం వంచి రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"ఏందన్నా ఇది? చెంబు ఉండంగ దోసిలెందుకు?"

అతను అట్లాగే వంగి నిలబడ్డాడు. చెంబు ముట్టనివ్వని ఊళ్లో తమవాళ్లు ఎన్ని గుమ్మాల ముందు ఇట్లా వంగి తాగారో కృపమ్మకు తెలుసు. ఆమె అటూ ఇటూ చూసింది. చివరికి చెంబు వంచింది. నీళ్లు సగం దోసిట్లోకి, సగం వేళ్ల సందుల్లోంచి దుమ్ములోకి పోయాయి.

బట్టీ నోటి దగ్గర కడ్డీ చప్పుడు ఆగింది.

"గాలి యాడిదన్నా ఈసారి?" దేవదాసు గొంతు. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

గనీ మూతి తుడుచుకోలేదు. "కొండది."

"మా పొగ తగిలిందా?"

"తగిలింది."

దేవదాసు కడ్డీని నేలకు ఆనించాడు.

"మంచిది," అన్నాడు దేవదాసు. "నలభై బస్తాలది తగలాల్సిందే." మళ్లీ కడ్డీ ఎత్తి, వీపు ఇటు పెట్టి, నిప్పు ఎగదోయడం మొదలుపెట్టాడు.